మీకు తెలుసా? కర్నూలులో కాంతికి కూలిన డ్రోన్లు

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగ క్షేత్రంలో తూటా పేల్చకుండా, క్షిపణి వదలకుండా, ఒట్టి లేజర్ కాంతితోనే డ్రోన్లను కూల్చారు.

వాహనం మీద అమర్చిన ఈ ఆయుధం పేరు ఎంకే-2(ఏ). హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ వారి ‘చెస్’ ప్రయోగశాల మరికొన్ని సంస్థలతో కలిసి తయారుచేసింది. శక్తి 30 కిలోవాట్లు. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు ముప్పై కలిస్తే ఎంతో అంత. కాకపోతే ఆ వేడంతా ఒకేచోట గుచ్చుకుంటుంది. రాడార్ గానీ, సొంత ఎలక్ట్రో ఆప్టిక్ కన్ను గానీ లక్ష్యాన్ని పసిగట్టగానే కిరణం బయల్దేరుతుంది. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగం! తప్పించుకునే వ్యవధి ఎక్కడిది? డ్రోన్ ఒళ్లు కాలి, తెగి పడిపోతుంది.

‘టీమ్ ఫోర్ట్రెస్ 2’ వీడియో గేమ్ ఆడే కుర్రకారుకు ఇది కొత్తగా తోచదు. అందులో ఇంజనీర్ అనే పాత్ర చేతిలోని ‘షార్ట్ సర్క్యూట్’ ఆయుధం కరెంటు గోళం వదిలి, మీదికొచ్చే రాకెట్లను గాలిలోనే మాయం చేస్తుంది. గోళానికి ఆటలో వాడే ‘మెటల్’ 65 ఖర్చు, దగ్గరుండేది మహా అయితే 200. మూడు దెబ్బలకే జేబు దాదాపు ఖాళీ.

దానికన్నా అసలు ఆయుధమే చవక. కొన్ని సెకన్లు ప్రయోగిస్తే అయ్యే ఖర్చు, డీఆర్‌డీఓ లెక్కలో, రెండు లీటర్ల పెట్రోలు ధర. అయితే దుమ్ము, పొగమంచు, వాన ఏ లేజర్‌నైనా బలహీనపరుస్తాయి.