ఉప్పునీటి అక్వేరియంలో నాచు: చంపితే పోదు, బయటికి తీస్తేనే పోతుంది

ఆదివారం ఉదయం ఉత్తర కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్ సంతకు వెళితే ప్లాస్టిక్ సంచుల్లో, గాజు తొట్టెల్లో రంగురంగుల చేపలు కనిపిస్తాయి. అలంకరణ చేపల పెంపకానికీ వ్యాపారానికీ పశ్చిమ బెంగాల్ మన దేశంలో పెద్ద కేంద్రం. అక్కడ ఎక్కువగా దొరికేవి మంచినీటి చేపలే. కానీ కొందరు మరో మెట్టు ఎక్కి, ఇంట్లోనే ఉప్పునీటి తొట్టె పెట్టి అందులో చిన్న పగడపు దిబ్బ లాంటి లోకాన్ని సృష్టించాలనుకుంటారు.

మొదటి నెల అంతా బాగానే ఉంటుంది. తర్వాత రాళ్ల మీద గోధుమరంగు పొడి, ఆపై వెంట్రుకల్లాంటి పచ్చటి నాచు, ఇసుక మీద ఎర్రటి జిగురు పొర. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "దీనికి ఏ మందు వేయాలి?" చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. నాచు జబ్బు కాదు. తొట్టెలోకి వచ్చేదానికీ, బయటికి పోయేదానికీ లెక్క కుదరలేదని చెప్పే గుర్తు.

నాచు ఏం తిని పెరుగుతుంది?

చేపలకు వేసే ప్రతి చిటికెడు మేతలో నత్రజని, భాస్వరం ఉంటాయి. చేపల విసర్జనలోని అమ్మోనియాను బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్లితే ఫాస్ఫేట్ విడుదలవుతుంది. వీటికి వెలుతురు తోడైతే నాచుకు ఇక లోటేముంది?

సముద్రంలోనూ ఇదే సూత్రం. పగడపు దిబ్బల చుట్టూ ఉండే నీటిలో సాధారణంగా పోషకాలు చాలా తక్కువ. పైగా చేపలు, సముద్రపు ముళ్లజీవులు నాచును ఎప్పటికప్పుడు మేస్తూనే ఉంటాయి. ఆ మేత ఆగితే ఏమవుతుందో జమైకా చూసింది. అక్కడ నాచు తినే చేపలను అప్పటికే అతిగా పట్టేశారు. 1980లో పెద్ద తుఫాను దిబ్బలను దెబ్బతీసింది. 1983-84లో ముళ్లజీవులు వ్యాధితో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పదేళ్లు తిరిగేసరికి ఆ దిబ్బలను పగడాలకు బదులు నాచు కప్పేసింది.

పరీక్షలో సున్నా వస్తే?

"నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి, అయినా నాచు ఎందుకు?" అని చాలామంది ఆశ్చర్యపోతారు. పరీక్ష కొలిచేది నీటిలో మిగిలినదాన్ని మాత్రమే. నాచు అప్పటికే పీల్చుకున్నది అందులో కనబడదు. మరో సంగతి: తొట్టెలోని కాల్షియం కార్బొనేట్ రాళ్లు ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటాయి. నీటిలో అది తగ్గినప్పుడు నెమ్మదిగా వదులుతాయి. అందుకే ఈ రోజు నీరు మార్చినా రేపటికి ఫలితం కనబడదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ముందు శత్రువును గుర్తుపట్టండి

కొత్త తొట్టెలో వచ్చే గోధుమరంగు పొడి చాలావరకు డయాటమ్‌లు. వీటి కణకవచం తయారీకి సిలికేట్ కావాలి. అది తరిగిపోగానే ఇవీ తగ్గుతాయి.

ఎర్రటి జిగురు పొర అసలు నాచే కాదు. అది సయనోబాక్టీరియా. నీటి కదలిక తక్కువగా ఉండి, మురికి పేరుకున్న చోట చేరుతుంది. బాక్టీరియాయే కదా అని యాంటిబయాటిక్ వేస్తే, అమ్మోనియాను శుద్ధి చేసే మంచి బాక్టీరియాకూ ముప్పే.

బుడగలతో కూడిన గోధుమరంగు జిగురు తీగల్లా సాగితే డైనోఫ్లాజెల్లేట్లు కావచ్చు. వీటిలో కొన్ని విషపూరితం. పోషకాలను బలవంతంగా సున్నాకు తెచ్చిన తొట్టెల్లో ఇవి తరచుగా విజృంభిస్తాయి. కాబట్టి సున్నా మన లక్ష్యం కాదు. పగడాలకూ కొంత పోషకం కావాలి. నైట్రేట్ లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే చాలామంది పెంపకందారులకు తృప్తే.

వచ్చేది తగ్గించండి, ఉన్నది తీయండి

కోల్‌కతా కుళాయిల్లో వచ్చే నీటిలో ఎక్కువ భాగం హుగ్లీ నుంచి తీసుకుని శుద్ధి చేసినదే. తాగడానికి మంచిదైన నీటిలో కూడా సిలికేట్, నైట్రేట్ కరిగి ఉండవచ్చు. ఉప్పు కలపడానికి ఆర్‌ఓ నీరు వాడాలి. అయితే ఇంట్లో తాగునీటి ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటిలో రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. టీడీఎస్ మీటరుతో చూసుకోండి. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

మేత రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వేయండి. వారానికోసారి కొంత నీరు మార్చండి. కానీ దాని శక్తి ఎంతో తెలుసుకోండి: నైట్రేట్ 40 ఉన్న తొట్టెలో ఐదో వంతు నీరు మారిస్తే 32కు వస్తుంది. వారంలో మేత ద్వారా మరో 8 చేరితే మళ్లీ మొదటికే.

నాచును చేత్తో, బ్రష్‌తో పీకి, సైఫన్ గొట్టంతో బయటికి లాగండి. అన్నిటికన్నా సులువైన మందు ఇదే. లోపలే చంపితే అది కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీటిలోకే వదులుతుంది. కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌నూ హరిస్తుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి, మే నెల కోల్‌కతా ఎండల్లో చేపలకు ఇది ప్రాణాంతకం. నత్తలు సాయం చేస్తాయి, కానీ అవి తిన్నదాంట్లో చాలా భాగం విసర్జనగా మళ్లీ తొట్టెలోకే వస్తుంది. ప్రొటీన్ స్కిమ్మర్ మాత్రం వ్యర్థాలు కుళ్లకముందే వాటిని నురుగుగా బయటికి తీస్తుంది.

నగరం శివార్లలోనే జవాబు

ఇంకో తెలివైన దారి ఉంది. పక్కనే చిన్న తొట్టెలో దీపం పెట్టి, కీటోమార్ఫా వంటి మనకు నచ్చిన నాచును కావాలనే పెంచడం. అది పోషకాలను పీల్చుకుంటుంది, మనం కోసి పారేస్తాం.

ఇదే పనిని తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు భారీ ఎత్తున చేస్తున్నాయి. దాదాపు 12,500 హెక్టార్ల ఈ ప్రాంతం 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. నగరపు మురుగునీరు ఇక్కడి భేరీలు అనే చెరువుల్లోకి చేరుతుంది. ఎండలో బాక్టీరియా, నాచు కలిసి మలినాలను మారుస్తాయి. ఆ ఆహారాన్ని చేపలు తింటాయి, చేపలు సంతకు వెళతాయి. ధృవజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు ఈ ఏర్పాటు విలువను ప్రపంచానికి వివరించారు. ఇక్కడ నాచును ఎవరూ చంపరు. దాని ద్వారా పోషకాలు నీటిని వదిలి వెళతాయి, అంతే.

కాలువలో పారేయకండి

పీకిన నాచును కాలువలో, నదిలో, సముద్రంలో వేయకూడదు. సాగు కోసం తమిళనాడు తీరానికి తెచ్చిన కప్పాఫైకస్ అనే సముద్రపు నాచు, మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి పాకిందని 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. తీసిన నాచును ఎండబెట్టి చెత్తబుట్టలో వేయండి.

కొనేటప్పుడూ జాగ్రత్త అవసరం. మన దేశంలో రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. చచ్చిన ముక్కలకూ ఇది వర్తిస్తుంది. దిబ్బల నుంచి తవ్విన రాయికి బదులు కృత్రిమంగా చేసిన రాయి వాడండి.

ఈసారి గాజు మీద పచ్చదనం కనిపిస్తే మందు సీసా కోసం పరుగెత్తకండి. ఒక కాగితం మీద రెండు గీతలు గీయండి: ఈ వారం లోపలికి వెళ్లింది ఎంత, బయటికి తీసింది ఎంత. జవాబు అక్కడే కనిపిస్తుంది.