ఆంగ్ల క్రియలును వాని వెంట నడచు చిన్న మాటలును



కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలోని యొక బాలుడు మూడు దినములు బడికి రాలేదు. నాలుగవ దినమున నతడొక సెలవు చీటి తెచ్చి నా బల్లపై నుంచెను. అందు ఆంగ్లమున "ఐ వాజ్ లుకింగ్ ఫర్ మై మదర్" అని యుండెను. "నేను మా తల్లిని వెదకుచుంటిని" అని దాని యర్థము. నేను దానిని బిగ్గరగా చదివి, "మీ అమ్మ దొరికినదా?" అని యడిగితిని. తరగతి యంతయు గొల్లున నవ్వెను. బాలుడు తల వంచుకొని నిలిచెను. పిదప విచారింపగా, అతని తల్లి జ్వరముతో మంచము పట్టినదనియు, ఇంట మరెవ్వరును లేనందున నతడే యామెను చూచుకొనుచుండెననియు తెలిసినది. అతడు వ్రాయదలచినది "లుకింగ్ ఆఫ్టర్". తప్పు ఒక్క చిన్న మాటలో నున్నది. ఆ మాటను నేర్పవలసినవాడను నేనే, నేర్పకయే నవ్వితిని. మరునాడు తరగతి యెదుటనే యా బాలుని క్షమాపణ వేడితిని. మిగిలిన ఋణము తీర్చుకొనుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

తెలుగున విభక్తి నామము వెనుక చేరును: ఇంటిలో, బల్లమీద, మిత్రునితో. ఆంగ్లమున నట్టి పనిచేయు ప్రిపొజిషను నామమునకు ముందుండును. ఈ భేదమును బాలురు త్వరలోనే గ్రహింతురు. కాని యీ చిన్న మాటలకు రెండవ పని యొకటి గలదు. అవి క్రియ వెంట చేరి దాని యర్థమునే మార్చివేయును. అప్పుడు క్రియయు చిన్న మాటయు వేరువేరు గావు. రెండును గలిసి యొక్క మాటయే.

ఇది మనకు క్రొత్త సంగతి గాదు. సంస్కృతమున "హృ" యను ధాతువునకు ఉపసర్గలు చేరగా ఆహారము, విహారము, ప్రహారము, సంహారము, పరిహారము అని యెంత దూరపు టర్థములు కలిగినవో చూడుడు. అక్కడ ఉపసర్గ ముందు నిలుచును. ఆంగ్లమున చిన్న మాట వెనుక నిలుచును. మన తెలుగులోను ఇట్టి చమత్కారము గలదు. "అమ్మను చూచితిని" యనుట వేరు, "అమ్మను చూచుకొంటిని" యనుట వేరు. "కొను" అను నది విడిచి పలికిన పరదేశీయుడు మా బాలుడు చేసిన తప్పునే చేయును. అట్లే "ఈట్" అనగా తిను. "ఈట్ అప్" అనగా తినివేయు. అక్కడ "అప్" అనునది "పైకి" అను నర్థమును విడిచి, మన "వేయు" వలె పని ముగిసినదని తెలుపుచున్నది.

ఒక్క "లుక్" క్రియనే తీసికొందము. "లుక్ ఎట్" అనగా చూచు; "లుక్ ఫర్" అనగా వెదకు; "లుక్ ఆఫ్టర్" అనగా సంరక్షించు; "లుక్ ఇన్‌టు" అనగా విచారణ చేయు; "లుక్ డౌన్ ఆన్" అనగా చులకనగా చూచు. ఇక "పుట్" క్రియ: "పుట్ ఆన్" ధరించు, "పుట్ అవుట్" ఆర్పు, "పుట్ ఆఫ్" వాయిదా వేయు, "పుట్ అప్ విత్" సహించు. మన విద్యార్థులు పుస్తకములలోని "పోస్ట్‌పోన్", "టాలరేట్" అను పెద్ద మాటల నెరుగుదురు. సంభాషణలో "పుట్ ఆఫ్" అని వినబడగానే తడబడుదురు. ఇంటను వీధిలోను ఆంగ్లేయులు పలుకునవి ఎక్కువగా నీ చిన్న మాటలే.

ఈ కష్టము మనకు మాత్రమే గాదు. సామ్యూల్ జాన్సన్ పండితుడు 1755లో ప్రకటించిన నిఘంటువు పీఠికలోనే, ఈ కూర్పులు పరదేశీయులకు మిక్కిలి కష్టమని గుర్తించి, వానిని శ్రద్ధతో సేకరించితినని తెలిపెను. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన గ్రంథమున వీనికి "ఫ్రేజల్ వెర్బ్" అను పేరు వాడెను. ఆ పేరు హెన్రీ బ్రాడ్లీ సూచించినది. 1930లో సి. కె. ఆగ్డెన్ 850 మాటలతో "బేసిక్ ఇంగ్లీష్" అను చిన్న భాషను కల్పించెను. అందు క్రియలు 18 మాత్రమే! "ఎంటర్" అనుటకు "గో ఇన్", "అసెండ్" అనుటకు "గో అప్" అని చిన్న మాటల సాయముననే పని జరుపవచ్చునని యాతని యభిప్రాయము. ఆంగ్లబోధనమున ఉపాధ్యాయులకు శిక్షణ నొసగుటకు మన పొరుగున హైదరాబాదులోనే 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ స్థాపింపబడినది. అదియే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయము. నేర్పువారికే శిక్షణ కావలసియుండగా, నేర్చుకొనువారు తడబడుట సిగ్గుపడదగిన విషయము గాదు.

ఇక మూడు సూత్రములు గుర్తుంచుకొనుడు.

మొదటిది: తెలుగు విభక్తిని ఆంగ్లములోనికి మోసికొనిపోరాదు. "నామీద కోపము" అని మన మందుము; వారు "యాంగ్రీ విత్ మీ" అందురు. "అతనితో వివాహము" అని మన మందుము. వారు "మ్యారీడ్ టు హిమ్" అందురు. "దానిని గురించి చర్చించితిమి" అనునప్పుడు "డిస్కస్" క్రియకు "అబౌట్" తగిలింపరాదు. "పాట వినుము" అనుటలో మనకు విభక్తి యక్కరలేదు. వారికి "లిజన్" వెంట "టు" ఉండితీరవలెను.

రెండవది: సర్వనామ మెక్కడ నుంచవలెనో తెలిసికొనుడు. "పుట్ అవుట్ ది లాంప్" అనినను, "పుట్ ది లాంప్ అవుట్" అనినను ఒప్పే. కాని "ఇట్" వచ్చినప్పుడు "పుట్ ఇట్ అవుట్" అనియే యనవలెను. "లుక్ ఆఫ్టర్" వంటివి మాత్రము విడివడవు. "లుక్ ఆఫ్టర్ హర్" అనియే యనవలెను.

మూడవది: కంటికి కనబడు పనితో జతపరచి నేర్చుకొనుడు. 1874లో రైలుమార్గము వచ్చిన మన సికిందరాబాదు స్టేషనే మంచి పాఠశాల. లేచి నడువదగిన రైలునకు, బస్సునకు "గెట్ ఆన్", "గెట్ ఆఫ్". కూర్చుండుటయే గాని నడువ వీలులేని కారునకు, ఆటోకు "గెట్ ఇన్", "గెట్ అవుట్". "దిగు" అనుటకు మనము వాడు "గెట్ డౌన్" మన దేశమున నందరికిని తెలియును గాని, రైలు విషయమున ఆంగ్లేయుడు "గెట్ ఆఫ్" అనును.

విద్యార్థులారా, ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, వారమునకు మూడు జంటల చొప్పున వ్రాసికొనుడు. ఒంటి క్రియను వ్రాయవలదు. జంటను వ్రాసి, మీ యింటి సంగతితో నొక వాక్యము కూర్చుడు. తల్లిదండ్రులారా, మీకు ఆంగ్లము రాకున్నను, సాయంకాలమున బిడ్డను పిలిచి యా వాక్యమునకు తెలుగు చెప్పుమని యడుగుడు. బిడ్డ తప్పు చెప్పినచో నవ్వవలదు. ఆ తప్పు వెనుక నేమి యున్నదో ముందు విచారింపుడు. మూడు దినములు తల్లి మంచము ప్రక్క కూర్చున్న బాలుడు నాకు నేర్పిన పాఠ మిది.