ఇస్తిఖ్‌లాల్ మస్జిదు: కట్టడము, ఆతిథ్యము

ఇండొనీషియా రాజధాని జకార్తాలోని ఇస్తిఖ్‌లాల్ మస్జిదు ఆగ్నేయాసియాలోకెల్లా పెద్దది. అరబీలో ‘ఇస్తిఖ్‌లాల్’ అనగా స్వాతంత్ర్యము. డచ్చివారి పాలన నుండి విముక్తి లభించినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతగా దీనిని నిర్మింప తలపెట్టారు. నమూనాల పోటీ 1955లో జరిగింది. అధ్యక్షుడు సుకర్నో నాయకత్వాన న్యాయనిర్ణేతలు ఎన్నుకున్న నమూనా ఫ్రెడరిక్ సిలాబాన్‌ది. ఆయన ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. వారు పనితనాన్ని చూశారేగాని మతాన్ని చూడలేదు. 1961లో పునాదిరాయి పడింది. 1978 ఫిబ్రవరి 22న ప్రారంభోత్సవం జరిగింది.

కట్టడంలోని కొలతలకు అర్థాలు చెబుతారు. గుంబదు వ్యాసం 45 మీటర్లు. అది 1945ను, అనగా స్వాతంత్ర్యం ప్రకటించిన సంవత్సరాన్ని, స్మరింపజేస్తుంది. దానిని 12 స్తంభాలు మోస్తున్నవి. మీనారు ఎత్తు 66.66 మీటర్లు. ఖుర్ఆన్ ఆయతులు 6666 అని జనంలో ప్రసిద్ధమైన లెక్కకు ఇది గుర్తు. నేటి ముద్రిత ప్రతులలో ఎక్కువగా కనిపించే కూఫీ గణన ప్రకారం ఆయతులు 6236 అని పాఠకులు గమనించాలి.

అయితే ఈ మస్జిదు గొప్పతనం అంకెలలో లేదు. ఉక్కపోతకు పేరుబడిన ఆ నగరంలో ప్రార్థనాశాల పక్కలను మూసిన గోడలతో గాక జాలీలతో కట్టారు. వేలాది ముసల్లీలు బారులు తీరినా గాలి ఆడుతుంది. వుజూ చేసుకొను స్థలాలు కింది అంతస్తులో ఉన్నవి. ముస్లిమేతర సందర్శకులకు కూడా ప్రవేశం కలదు. దుస్తులు తగినట్లు లేనివారికి పైన వేసుకొనుటకు అంగీ ఇస్తారు. వెంట ఉండి చూపించుటకు మార్గదర్శి ఉంటాడు.

వీధికి ఆవల కాథలిక్కుల ప్రధాన చర్చి ఉన్నది. క్రిస్మస్ నాడు చర్చికి వచ్చేవారి వాహనాలకు మస్జిదు ఆవరణలో చోటిస్తారు. రెంటినీ కలుపుతూ భూమి కింద నిర్మించిన దారికి ‘సిలాతుర్రహ్మీ సొరంగం’ అని పేరు. 2024 సెప్టెంబరు 5న పోప్ ఫ్రాన్సిస్ ఈ మస్జిదుకు వచ్చినప్పుడు పెద్ద ఇమాము నసరుద్దీన్ ఉమర్ ఆయనను స్వాగతించారు.

ఇది కొత్త పోకడ అనుకొనువారు సీరా గ్రంథాలను తెరచి చూడవలెను. నజ్రాన్ నుండి వచ్చిన క్రైస్తవ బృందాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనాలోని తమ మస్జిదులోనే కలుసుకున్నట్లు వాటిలో ఉన్నది. ఆ మస్జిదు కప్పు ఖర్జూరపు మట్టలది. గుంబదులు, మీనారులు తరువాత వచ్చినవి. అతిథికి చోటివ్వడం మాత్రం ఆనాటి నుండీ ఉన్నది. మన ఊళ్ళ చిన్న మస్జిదులకు 45 మీటర్ల గుంబదు సాధ్యం కాకపోవచ్చు. పొరుగువానికి తలుపు తెరవడం సాధ్యమే.