గుంటలోని గాజు ఎటు పోయింది?

గాజు పగులుతుందే తప్ప సొట్ట పడదనుకుంటాం. వజ్రపు మొనతో మెల్లగా నొక్కి చూడండి, మైక్రోస్కోపు కింద చతురస్రాకారపు గుంట కనిపిస్తుంది. మొన తీసేసినా పోదు. కాఠిన్యం కొలిచే వికర్స్ పరీక్ష ఇదే. లోహమైతే గుంటలోని పదార్థం పక్కకు జరిగి గట్టులా లేస్తుంది. స్వచ్ఛమైన సిలికా గాజులో ఆ గట్టు దాదాపు ఉండదు. మరి ఆ గాజంతా ఏమైనట్టు?

లోపలికే కుదించుకుపోయింది. గాజును తీవ్రంగా నొక్కితే దాని సాంద్రత శాశ్వతంగా పెరుగుతుందని బ్రిడ్జ్‌మన్, సైమన్ అనే శాస్త్రవేత్తలు 1953లోనే చూపారు. సిలికా గాజు ఘన సెంటీమీటరుకు 2.2 గ్రాములు, అదే పదార్థపు స్ఫటికమైన క్వార్ట్జ్ 2.65. గాజులో అంత ఖాళీ ఉంది. అన్ని వైపుల నుంచీ గట్టిగా అదిమితే సాంద్రత 20 శాతం దాకా పెరుగుతుంది.

కానీ కొన్ని మైక్రాన్ల గుంటను తూకం వేసేదెలా? ఇక్కడే 1928 నాటి రామన్ ఫలితం ఆదుకుంటుంది. గాజు మీద ఆకుపచ్చ లేజరు వేస్తే చెదిరిన కాంతిలో చాలావరకు అదే రంగుతో తిరిగొస్తుంది. అతి కొద్ది ఫోటాన్లు మాత్రం పరమాణువుల కంపనాలతో శక్తి ఇచ్చిపుచ్చుకుని రంగు మార్చుకుంటాయి. ఆ మార్పును బట్టి లోపలి అమరిక తెలుస్తుంది.

సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గాజులో రకరకాల వలయాలుగా అల్లుకుని ఉంటాయి. మూడు సిలికాన్ల బుల్లి వలయాలు చెదిరిన కాంతి వర్ణపటంలో 606 తరంగసంఖ్య (రంగు ఎంత మారిందో చెప్పే కొలత) దగ్గర సన్నటి శిఖరంగా కనిపిస్తాయి. గాజు కుదించుకుపోయిన చోట ఆ శిఖరం పెరుగుతుంది. 440 దగ్గరి వెడల్పాటి పట్టీ ఇరుకై, పైకి జరుగుతుంది. సాంద్రత ముందే తెలిసిన నమూనాలలో ఈ జరుగుడు ఎంతో కొలిచిపెట్టుకుంటే, గుంట చుట్టూ మైక్రాను మైక్రానుకూ సాంద్రత పటం గీయొచ్చు. ఫ్రెంచి పరిశోధకులు 2006లో సరిగ్గా అదే చేశారు. మొన కిందే కుదింపు ఎక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది.

కిటికీ గాజు కథ వేరు. సోడియం అయాన్లు ఖాళీలను ఆక్రమించడంతో కుదించుకునే చోటు తక్కువ, పక్కకు జారేది ఎక్కువ. నా లెక్కన ఈ పద్ధతికి అసలు పరిమితి ఇక్కడే: కుదింపును పట్టినంత సులువుగా జారుడును పట్టలేదు. అందుకే వేడిని కూడా సాక్ష్యానికి పిలుస్తారు. మెత్తబడే ఉష్ణోగ్రతకు కాస్త దిగువన కొన్ని గంటలు ఉంచితే గుంట కొంత పూడుతుంది. పూడినంత మేరా కుదింపు, మిగిలింది జారుడు.