తప్పని కొలువు, తప్పించుకొన్న బిడ్డలు

‘రోట తల దూర్చి రోకటిపోటుకు వెరవనేల’ అన్నారు మన పెద్దలు. కోరి తల దూర్చినవానికి ఆ మాట చెల్లును. కాని దేశపు చట్టమే మెడపట్టి తల పెట్టించినప్పుడు, ఆ పోటు తాళలేక పారిపోయిన కుర్రవానిని ఏమనవలెను? పిరికివాడనవలెనా, నేరస్థుడనవలెనా? దక్షిణ కొరియాలో తయారైన ‘డి.పి.’ అనే టెలివిజన్ ధారావాహిక యీ ప్రశ్ననే చూచేవారి ముందు పెట్టుచున్నది.

మన యిండ్లలో పిల్లలు కొరియా నాటకాలు చూచుట యిప్పుడు వింత కాదు. వారికి తెలిసిన కొరియా ప్రేమకథల కొరియా, పాటల కొరియా. అయితే ఆ దేశంలో ప్రతి మగబిడ్డ తల్లికీ మరొక కొరియా తెలుసు. 1950లో మొదలైన యుద్ధం 1953 జూలై 27న కాల్పుల విరమణతో ఆగినదే గాని, సంధి పత్రం మీద నేటివరకు సంతకాలు పడలేదు. ఆనాడు యుద్ధఖైదీల తగవు తీర్చుటకు ఏర్పడిన తటస్థ రాజ్యాల సంఘానికి అధ్యక్షుడు మన కొడగు బిడ్డ జనరల్ తిమ్మయ్య అని కర్ణాటకలోని మన చదువరులకు తెలిసే వుండును. ఆ యుద్ధపు నీడ తొలగలేదు గనుకనే అక్కడ ఆరోగ్యవంతుడైన ప్రతి యువకుడూ సైన్యంలో కొంతకాలం పనిచేసి తీరవలెను. యిప్పుడు ఆ గడువు పదాతి దళంలో 18 నెలలు, నౌకాదళంలో 20, విమానదళంలో 21. ధనవంతుడైనా, పేరుమోసిన నటుడైనా ఒకటే చట్టం. లోకమంతటా పేరుగన్న బి.టి.ఎస్. పాటగాండ్రు ఏడుగురూ 2022 డిసెంబరు నుండి ఒక్కొక్కరుగా వెళ్ళి, 2025 జూన్ నాటికి తమ వంతు ముగించుకొన్నారు.

డి.పి. అనగా పారిపోయిన సైనికులను వెదకి పట్టుకొనే మిలటరీ పోలీసు దళం. మొదటి భాగం ఆరు ప్రకరణాలుగా 2021 ఆగస్టు 27న నెట్‌ఫ్లిక్సులో వెలువడినది. రెండవ భాగం 2023 జూలైలో వచ్చినది. దర్శకుడు హాన్ జున్ హీ. కిమ్ బోటాంగ్ వ్రాసిన బొమ్మల కథ దీనికి మూలం. ఆయన తన సైనిక సేవలో స్వయంగా యీ దళంలో పనిచేసినవాడు. అందువలన యిందులో కల్పన కన్న కండ్లారా చూచినదే యెక్కువగా తోచును.

కథ 2014 నాటిది. ఆన్ జున్‌హో బీదింటి కుర్రవాడు. తండ్రి తల్లిని కొట్టుట చూస్తూ పెరిగినవాడు. సైన్యంలో చేరగానే అక్కడా అదే రాజ్యం. హ్వాంగ్ జాంగ్‌సు అనే సీనియరు రాత్రివేళ కుర్రవాండ్లను గోడకు ఆనించి నిలబెట్టి వెనుకకు తోయును. ఆ గోడకు ఒక మేకు పొడుచుకొని వున్నది! చదువుచున్న మీకే ఒళ్ళు జలదరించినచో, ఆ గోడ ముందు నిలిచినవాని మాట యేమి?

యీ జులుం ఎట్లు నిలుచునో నాటకం చక్కగా చూపినది. అక్కడ పెద్దరికం తెలివిని బట్టి కాదు, చేరిన నెలను బట్టి. నెల ముందు వచ్చినవాడు పెద్ద, నెల వెనుక వచ్చినవాడు చిన్న. నేడు తిన్న దెబ్బను రేపు క్రిందివానికి అప్పగించుటే ఆచారమైపోవును. పై అధికారులకు తెలియకపోదు; కాని తమ పేరు చెడునని కాగితాల మీద అంతా సవ్యమని వ్రాసుకొందురు.

జున్‌హో, అతని పై జోడీ హాన్ హోయోల్ కలిసి పారిపోయినవారిని వెదకుదురు. జంగ్ హే ఇన్, కూ క్యో హ్వాన్ యీ పాత్రలను ధరించినారు. దొరికినవారి కథలు వింటే మనస్సు కరగును. ఒకడు నిద్రలో గురక పెట్టునని పైవాండ్లు అతని ముఖానికి విషవాయువు ముసుగు తొడిగి అందులో నీళ్ళు పోసినారు. మరొకడు మతి తప్పిన ముసలి అవ్వను చూచుకొను దిక్కు లేక వెళ్ళిపోయినాడు. అందరిలో మరువరానివాడు చో సుక్‌బాంగ్. సైన్యానికి రాకముందు పిల్లలకు బొమ్మలు వేయుట నేర్పిన సాధువు. అవమానం మీద అవమానం పడి, ఆ సాధువే చివరకు పగబట్టి హ్వాంగ్ కోసం బయలుదేరును. అప్పటికి హ్వాంగ్ గడువు ముగించుకొని, ఒక దుకాణంలో మామూలు నౌకరీ చేసుకొంటున్నాడు. సైన్యంలో పులి, బయట పిల్లి! సాధువు తిరగబడితే ఆపుట యెవరి తరం?

నాటకం గనుక పెంచి చూపినారనుట సులభం. కాని అదే 2014లో పైవాండ్లు కొట్టిన దెబ్బలకు ఒక యువ సైనికుడు మరణించినాడు. మరి రెండు నెలలకు తూర్పు సరిహద్దున ఒక సార్జెంటు తోటివారిపై కాల్పులు జరుపగా అయిదుగురు చనిపోయినారు. దేశమంతా కలత చెందినది.

మార్పు రాలేదనుట న్యాయం కాదు. 2020 నుండి సైనికులు పని వేళల తర్వాత సెల్‌ఫోను వాడుకొనవచ్చును. అనగా కొడుకు గొంతు తల్లికి రోజూ వినబడును. 2022 నుండి సైనికుని అనుమానాస్పద మరణానికి కారణమైన నేరాల విచారణ మామూలు కోర్టులకు మారినది. ఆయుధం పట్టుటకు మనస్సాక్షి ఒప్పనివారికి 2020 నుండి చెరసాలలలో 36 నెలల వేరు సేవ ఏర్పాటైనది; అంతకు మునుపు వారికి జైలు శిక్షే గతి. గోడకు మేకు పీకుట తేలికే. మనస్సులోని మేకు పీకుటకు చట్టం ఒక్కటే చాలదు.

మన దేశంలో నిర్బంధ సైనికసేవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుండి తరతరాలుగా యువకులు తమంతట తామే వెళ్ళినందువలన ఆ ఊరికి ‘మిలటరీ మాధవరం’ అని పేరు వచ్చినది. అయినను యీ కథ మనకు పరాయిది కాదు. హాస్టలుకు పంపిన బిడ్డను గురించి మనకు తెలిసినది యెంత? తమిళనాడులోను, ఆంధ్రదేశంలోను ర్యాగింగును నిషేధించే చట్టాలు వచ్చినది 1997లో. చట్టం కావలసి వచ్చినదంటేనే గదులలో యేమి జరిగినదో ఊహించవచ్చును. ‘అందరూ పడినదే, నీవూ పడు’ అని మనలో యెందరు తండ్రులు చెప్పియుండలేదు?

మొదటి భాగం చివర, మరణించిన ఒక సైనికుని సోదరి జున్‌హోను అడిగే ప్రశ్న యీ నాటకానికి ప్రాణం. తమ్ముడు అంత మంచివాడని తెలిసినప్పుడు, వానిని బాధించుచుండగా మీరెందుకు ఊరక చూచినారని ఆమె అడుగును. జున్‌హో క్షమాపణ తప్ప మరేమీ చెప్పలేకపోవును. కొట్టినవాడు ఒకడు, దెబ్బ తిన్నవాడు ఒకడు, చూచినవారు పదిమంది. మన పిల్లలకు సహనం నేర్పుచున్నాము, మంచిదే. ఆ పదిమందిలో ఒకడు నోరు విప్పవలెనని, యింటికి వచ్చి చెప్పుకొన్నచో తల్లిదండ్రులు మందలించక విందురని కూడ నేర్పుదము.