చామరెల్ గ్రామానికి మూడు దారులు

పిల్లలూ! మోరిషస్ పటములో నైరుతి మూల చూడండి. సముద్రపు ఒడ్డున గ్రాండ్ కాజ్ నోయాల్ అనే ఊరున్నది. దానికి ఎగువన, కొండల నడుమ ఉన్న చిన్న గ్రామమే చామరెల్. అక్కడికి మూడు దారులున్నాయి.

మొదటిది ఒడ్డునుండి పైకెక్కే దారి. పటములో రెండు ఊళ్లూ దగ్గరగానే కనబడతాయి. కాని దారి పాములాగా మెలికలు తిరుగుతుంది. ఎందుకు? గ్రామము సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల ఎత్తున ఉన్నది. తిన్నగా రోడ్డు వేస్తే బస్సు ఎక్కలేదు. దిగేటప్పుడు బ్రేకులకు ఆగదు. అందుచేత దారిని కొండకు అడ్డముగా కొంతదూరం సాగదీసి, మలుపు తిప్పి, మళ్లీ అడ్డముగా సాగదీశారు. దూరము పెరిగింది, ఏటవాలు తగ్గింది. తిరుమల కొండకు కూడ ఇటువంటి దారే ఉన్నది. తెలుగునాట దానిని ఘాట్ రోడ్డు అంటారు.

ఆ మలుపుల్లో నాకెప్పుడూ కడుపులో తిప్పుతుంది. అయినా కిటికీ పక్కనే కూర్చుంటాను. దిగువన లే మోర్న్ కొండ, దాని చుట్టూ నీలిరంగు నీరు కనబడతాయి మరి!

రెండవ దారి తూర్పుగా అడవిలో ఇంకా పైకి, ప్లేన్ షాంపేన్ మీదుగా పోతుంది. పడమటి తీరమువారు శివరాత్రికి గంగా తలావ్ చేరడానికి ఇదొక దారి.

మూడవది దక్షిణముగా బే దు కాప్‌కు దిగుతుంది. దీనికి దగ్గరలోనే సుమారు 100 మీటర్ల జలపాతమూ, ఏడురంగుల మట్టీ ఉన్నాయి. అగ్నిపర్వతపు రాయి యుగయుగాలుగా చివికి ఆ మట్టి అయింది. అందులోని ఇనుమువల్ల ఎరుపు వచ్చింది. ఆ మట్టిమీద మాత్రము ఎవరికీ దారి లేదు. కంచె బయట నిలబడి చూడవలసిందే.