పిట్ట ముక్కున ఏముందో చూశారా?

తిరువూరు: మామిడి పిందె నిలదొక్కుకుని కాయ ఊరే రోజుల్లో తోటకు వెళ్లిన రైతు చూపంతా కొమ్మ చివరే ఉంటుంది. కాపు ఎంత, రాలింది ఎంత, గుత్తదారు ఈసారి ఎంత అంటాడు... ఈ లెక్కల్లో పడి కొమ్మ పంగలో ఉన్న గూటిని ఎవరూ చూడరు. చూసినా ‘పిట్టలు చేరాయి, కాయ పొడుస్తాయి’ అని గెడకర్రతో అదిలిస్తారు. ఈ వారం ఒక్క పని చేయండి. పొద్దున్నే ఆరింటికి తోటలో గానీ పెరట్లో గానీ గూడున్న చెట్టుకు ఇరవై ముప్ఫై అడుగుల దూరంలో కూర్చోండి. తువాలు నెత్తిన వేసుకుని కదలకుండా ఒక గంట ఉండండి. గూటికి వచ్చే పిట్ట ముక్కున ఏం తెస్తోందో చూడండి. గింజా, పండు ముక్కా, పురుగా?

పైసా ఖర్చు లేని పని ఇది. చీటీ మీద గీతలు పెట్టుకుంటూ లెక్కపెడితే ఇంకా మంచిది.

పిల్లకు గింజ పెట్టదు

పిచ్చుక గింజ తింటుంది. గిజిగాడు వరి కంకి మీద వాలుతుంది. గోరింక పండూ తింటుంది, మెతుకూ తింటుంది. ఇవన్నీ మనకు తెలిసినవే. తెలియనిదల్లా ఇవి పిల్లలకు ఏం పెడతాయన్నది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటి మీద ఈక ఉండదు, కళ్లు తెరవదు. అలాంటిది రెండు మూడు వారాల్లో ఎగిరిపోయేంత కావాలి. గింజతో అది సాధ్యం కాదు. మాంసకృత్తులు కావాలి, అవి పురుగులో ఉన్నాయి. అందుకే గింజ తినే పిట్టలు కూడా పిల్లల్ని సాకేటప్పుడు గొంగళ్లు, మిడతలు, చిన్న పురుగులు ఏరి తెస్తాయి. కోళ్లు పెంచేవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కోడిపిల్లకు మొదటి వారాల్లో బలమైన మేత ఎందుకు పెడతామో ఇదీ అందుకే. చిలక, పావురం, గువ్వ మాత్రం వేరు. అవి పురుగుల జోలికి పోకుండా కడుపులో మెత్తబడిన మేతను తిరిగి నోటికి తెచ్చి పిల్లల నోట్లో పోస్తాయి.

గూటికి గంటకు పదిసార్లు మేత వచ్చిందనుకోండి. పగలు పన్నెండు గంటలు, పిల్లలు ఎగరడానికి పదిహేను రోజులు. ఒక్కోసారి ఒక్క పురుగే అనుకున్నా ఒక గూటికి పద్దెనిమిది వందల పురుగులు. మీ చీటీలో గీతలు ఇంతకన్నా తక్కువ రావచ్చు, ఎక్కువా రావచ్చు. మీ చెట్టు లెక్క మీదే.

తిరువూరుకు దగ్గర్లో రెండెకరాల మామిడి ఉన్న ఒక రైతు తోటలో పాత చినరసం చెట్టు ఒకటి ఉంది. మొదలు బోలు పడింది, కాపు అంతంత మాత్రం. కొట్టేసి కొత్త మొక్క పెట్టమని గుత్తదారు ఏటా పోరుతున్నాడట. ఆ తొర్రలో గోరింకలు పిల్లల్ని పెడుతున్నాయి. “వాటిని తోలేస్తే గొంగళ్లు ఎవరు ఏరతారండీ, నేనా, ఆయనా?” అన్నాడా రైతు. పక్కనున్న కూరపాదుల మీద నుంచి గోరింక వరుసగా ఆరేడు సార్లు తొర్రకు వెళ్లడం ఆయన చూపిస్తే మేమూ చూశాం. చెట్టు కొట్టడమా, ఉంచడమా అన్నది ఆయన ఇష్టం. ఎండిన చెట్టయినా తొర్ర ఉంటే ఒకటి రెండు ఉంచుకోవడమే మేలని మా అభిప్రాయం. గోరింకకు, వడ్రంగిపిట్టకు, పైడికంటెకు తొర్ర కావాలి. గుంజలు పాతిన డాబా ఇంట్లో అది దొరకదు.

పసుల పోలిగాడికి కొయ్య పాతండి

నిగనిగలాడే నలుపు, చీలిన పొడుగు తోక, గేదె వీపు మీద సవారీ. పసుల పోలిగాడిని గుర్తుపట్టని రైతుబిడ్డ ఉండడు. కొన్ని ఊళ్లలో ఏట్రింత అంటారు. పశువు నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగుల్ని పట్టుకోవడానికే దానికా సవారీ. కరెంటు తీగ మీదో, ఎండు కొమ్మ మీదో కూర్చుని చూస్తుంది. పురుగు కదిలిందా, రివ్వున దిగి పట్టుకుని మళ్లీ అదే చోటికి వస్తుంది. మామిడికాయ దీనికి పనికిరాదు.

వేసవిలో కొమ్మ చివరి పంగలో పల్చటి దొప్పలాంటి గూడు కడుతుంది. గూడున్న చెట్టు దరిదాపుల్లోకి కాకిని రానివ్వదు, గద్దనూ వదలదు. తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన గద్ద వీపు మీద పడి పొడిచి తరుముతుంది. ఈ ధైర్యం చూసే కాబోలు, గువ్వలు, పిగిలిపిట్టలు అదే చెట్టు మీద గూళ్లు పెట్టుకుంటాయి. కాపలా ఉచితం గదా! తేనెటీగల పెట్టెలు పెట్టినవారికి మాత్రం ఇది కొంత కంటగింపే. ఈగల్నీ పట్టి తింటుంది.

పత్తి, కంది, శనగ చేలల్లో ఎకరానికి 10 నుంచి 20 పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయశాఖ వారు చెప్పేది ఇలాంటి పిట్టల కోసమే. స్థావరమంటే పెద్ద మాట. పైరుకన్నా అడుగో, రెండడుగులో ఎత్తుగా ఉండే కొయ్యకు అడ్డకర్ర కట్టి పాతితే చాలు. కంపకొమ్మ అయినా పనిచేస్తుంది. ఆకు మీద తిరిగే శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగు మీద దీని ప్రభావం కనబడుతుంది.

అలాగని అన్నిటికీ ఇదే మందు అనుకోకండి. పత్తికాయ లోపల దాక్కునే గులాబీరంగు పురుగును ఏ పిట్టా బయటకు లాగలేదు. 2021-22లో మిరపను ఊడ్చిపెట్టిన నల్ల తామరపురుగులాంటి కంటికి ఆనని పురుగుకూ కొయ్యలు పాతి లాభం లేదు. అక్కడ దారులు వేరు. ఇంకొకటి, జొన్న, వరిలో గింజ పాలుపోసుకునే వేళకు కొయ్యలు తీసేయాలి. లేకపోతే గింజ తినే పిట్టలకు మనమే పీట వేసినట్టు.

చిలక సంగతేమిటి?

‘ఇవన్నీ సరే, చిలకలు కాయ కొరికి పడేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. చిలక ఒక కాయ తిని ఊరుకోదు. నాలుగు కొరికి పడేస్తుంది. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న అయితే చెప్పనే అక్కర్లేదు. 2018లో పాలపిట్ట స్థానంలో రామచిలుకను మన రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. రైతును అడిగి ఉంటే ఏమనేవాడో!

వెండిరంగు, ఎరుపు కలిసిన మెరుపు రిబ్బన్లను చేనుకు అడ్డంగా, కొద్దిగా మెలితిప్పి పది మీటర్ల ఎడంలో కట్టుకోవచ్చు. గాలికి మెరుస్తూ గర్రుమని చప్పుడు చేస్తాయి. ఒకప్పుడు పాత క్యాసెట్ల టేపు ఇలాగే కట్టేవాళ్లం. పంట గింజ పట్టే ముందు నుంచీ కట్టి ఉంచితే పిట్టలు అలవాటు పడిపోతాయి. అవసరమైన రెండు వారాలే కట్టండి. మంచె, వడిసెల, డబ్బా చప్పుడు పాత పద్ధతులే అయినా మనిషి ఉంటే వాటికి మించింది లేదు. విషపు గింజలు చల్లడం, వలపన్ని పట్టడం మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిలకను పట్టినా, పంజరంలో పెట్టినా నేరమే.

పిట్టల్ని పూర్తిగా తుడిచిపెడితే ఏమవుతుందో చైనా 1958లో చేసి చూసింది. ధాన్యం తింటున్నాయని ఊరూరా జనం పళ్లేలు, డబ్బాలు మోగించి పిచ్చుకల్ని వాలనివ్వకుండా, అవి అలసి రాలిపోయేదాకా తరిమారు. గూళ్లు పీకారు, గుడ్లు చితక్కొట్టారు. గింజ మిగులుతుందనుకుంటే పురుగు పెరిగింది. అక్కడి కరవుకు ఇదొక్కటే కారణం కాదు గానీ, 1960లో పిచ్చుకను ఆ జాబితా నుంచి తీసేసి నల్లిని చేర్చారు.

మందు కొట్టిన పురుగే ముందు దొరుకుతుంది

మందు పడ్డ పురుగు వెంటనే చావదు. తడబడుతూ ఆకు మీదకు వస్తుంది. పిట్టకు సులువుగా దొరికేది అదే. దాన్ని తీసుకెళ్లి పిల్ల నోట్లో పెడుతుంది. 1995-96లో అర్జెంటీనాలో మిడతల మీద మోనోక్రోటోఫాస్ కొట్టిన పొలాల్లో ఉత్తర అమెరికా నుంచి వలస వచ్చిన గద్దలు వేలల్లో చచ్చిపడ్డాయి. మొత్తం ఇరవై వేల దాకా ఉంటాయని అంచనా. ఇదే మందును మన దేశంలో 2005లో కూరగాయలకు వాడరాదన్నారు. 2023లో 36 శాతం మందును కేంద్రం నిషేధించి, అప్పటికే ఉన్న నిల్వలను గడువు తీరేవరకే అమ్మనిచ్చింది. చావిట్లో పాత డబ్బా మిగిలి ఉంటే దాన్ని వాడే ఆలోచన పెట్టుకోకండి. కార్బోఫ్యూరాన్ గుళికలదీ ఇదే కథ. మట్టి మీద పడి ఉన్న గుళిక పిట్ట కంటికి గింజలాగే ఉంటుంది.

డబ్బా మీద వాలుగా ఉండే చదరపు గుర్తు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. తప్పనిసరై కొట్టాల్సి వచ్చినప్పుడు దుకాణదారు చేతికి ఇచ్చింది కాక, కింది రంగు మందుతో పని అవుతుందేమో అడగండి. పిల్లలున్న గూటి చెట్టును వదిలేసి మిగతావి కొట్టుకోవచ్చు. పది పదిహేను రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. చిక్కంతో కాయ కోసేవాళ్లకు కూడా ముందే చెప్పండి, ఆ కొమ్మ చివర్న కోద్దామని. కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించే ముందు ఒకసారి పైకి చూడటం మరచిపోవద్దు.

ఎలుక మందు పెట్టేవారికి ఒక మాట. బ్రోమోడయోలోన్ తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు. ఈలోగా దాన్ని గుడ్లగూబ పట్టుకుపోతే ఆ విషం దానికీ ఎక్కుతుంది. చచ్చిన ఎలుకల్ని ఏరి గొయ్యి తీసి పాతిపెట్టండి. గుడ్లగూబ అరిస్తే చావు కబురని రాళ్లు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. పగలు అది కూర్చునే చెట్టు కింద వెతకండి. బొచ్చు, సన్నటి ఎముకలు కలిసిన ఉండలు దొరుకుతాయి. అరగనిది అది కక్కేస్తుంది. ఒక ఉండ పుల్లతో విప్పితే ఎలుక పుర్రెలు కనబడతాయి. అవి మీ చేలో గింజ తిన్న ఎలుకలే.

పెరట్లో, చూరులో

పెంకుటిల్లు పోయి డాబా వచ్చాక పిచ్చుకకు చూరు లేకుండా పోయింది. మన పెద్దలు కోతలయ్యాక వరికంకులతో కుచ్చులు అల్లి వసారాలో, గుళ్లో వేలాడగట్టేవారు. ఇప్పటికీ అల్లేవాళ్లు ఉన్నారు. గుప్పెడు కంకులతో పోయేదేమీ లేదు. ఒక చెక్కపెట్టె కట్టుకుంటే మరీ మంచిది. కన్నం అంగుళంపావు ఉండాలి, అంతకన్నా పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ఎనిమిది పది అడుగుల ఎత్తున, ఎండ పడని గోడకు, పిల్లికి అందకుండా కొట్టండి. ఫ్యాను తిరిగే గదిలో వద్దు. వేసవిలో వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు పెట్టి, దోమలు చేరకుండా రోజూ మార్చండి.

తొలకరి పడ్డాక బావి మీదకు వాలిన తుమ్మకొమ్మలు, తాటాకులు చూడండి. గిజిగాడు అప్పుడే పని మొదలెడుతుంది. మగది సగం గూడు అల్లి రెక్కలల్లార్చి ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల చూసి, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. నచ్చిందా, మగది గొట్టం పూర్తిచేసి, పక్క కొమ్మకు పోయి ఇంకో గూడు మొదలెట్టి ఇంకొకతెను పిలుస్తుంది. 1930ల మొదట్లో సలీం అలీ రోజుల తరబడి గూళ్లెదుట కూర్చుని ఈ సంసారం గుట్టు బయటపెట్టారు. గూటి లోపల మట్టిముద్ద ఉంటుంది. దానికి మిణుగురుల్ని అతికించి దీపం పెట్టుకుంటుందని మన తాతలు చెప్పేవారు. అది కథే గానీ మట్టి మాత్రం నిజం. ఈసారి గాలికి రాలిపడిన ఖాళీ గూడు దొరికితే చీల్చి చూడండి, లోపల గోడకు అంటుకుని కనబడుతుంది.